పురుగుమేత – పోషకగుణ విచారము



పురుగు అను మాట చెవిని బడినంతనే మనవారికి రోత పుట్టుట సహజము. బియ్యములో పురుగు పట్టినదన్నను, వంకాయలో పురుగున్నదన్నను దానిని తీసి పాఱవేయుటయే మన మెఱిగిన పద్ధతి. అట్టి పురుగును పనిగట్టుకొని పెంచుట, తూచి అమ్ముట, ఎండబెట్టి పిండి చేసి కోళ్లకును చేపలకును దాణాగా వేయుట నేటి లోకమున నొక వ్యాపారమైనది. ఈ మేత మంచిదా, కాదా? మంచిదైనచో ఎంతవఱకు మంచిది? సంచిమీద అచ్చువేసిన అంకెను నమ్మవచ్చునా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే నేటి ప్రసంగమునకు ప్రయోజనము.

నేను వృత్తిచేత ఉపాధ్యాయుడను. చిన్ననాట గురుసన్నిధిని చదివినది వ్యాకరణమును తర్కమును. ఇట్టివాడు పురుగుల దాణాను గూర్చి ప్రసంగించుట యేమని కొందరికి సందేహము కలుగవచ్చును. తర్కశాస్త్రము మనకు నేర్పు మొదటి పాఠ మొక్కటే: ప్రమాణము సరియైనదైనగాని ప్రమేయము నిర్ణయింపబడదు. కొలపాత్ర వంకరయైనచో కొలిచిన ధాన్యము లెక్కకు రాదు. పురుగుమేత విషయమున నేడు జరుగుచున్న వివాదములో సగము పురుగునుగూర్చి కాదు, కొలపాత్రను గూర్చియే. కావున తర్కము చదివినవానికి ఇందు కొంత పని యున్నది.

ముందుగా ఒక అపోహను తొలగించెదను. జంతువులకు పురుగులను మేపుట క్రొత్త సంగతి కాదు. పెరటికోడి పెంటకుప్పను కాళ్లతో గీరి యేరుకొని తినున దేమి? గింజలకంటె ముందుగా పురుగులనే. మన పల్లెలలో కోడిపిల్లలకు చెదలు పట్టిన కట్టెనో పెంకునో తెచ్చి ముందర దులుపుట ఇల్లాండ్రు ఎఱిగిన వైద్యమే. తొలకరిలో ఉసిళ్లు లేచినప్పుడు కోళ్లు వాటివెంట పరుగెత్తుట చూడనివా రుండరు. గాలమునకు ఎఱ కట్టువాడు చేప కేది యిష్టమో పుస్తకము చదివి తెలిసికొనలేదు. జపాను దేశమున నాగానో పరగణాలోని సాకు అను ప్రాంతమువారు పట్టుకాయలనుండి దారము తీసిన పిదప మిగిలిన పురుగులను వేసి బొచ్చెజాతి చేపలను పెంచి పేరు గాంచిరి. కాబట్టి క్రొత్తది మేత కాదు. దానిని కార్ఖానాలలో పెంచి లెక్కలు గట్టి అమ్ముటయే క్రొత్త.

ఇప్పు డింత ఆదరము దాని కేల కలిగినది? కోళ్లకును చేపలకును బలమైన దాణా కావలెనన్నచో అందు మాంసకృత్తులు సమృద్ధిగా నుండవలయును. ఆ మాంసకృత్తుల కొఱకు లోకమువా రాధారపడినవి ముఖ్యముగా రెండు: ఒకటి చేపపిండి, రెండవది సోయాచిక్కుడు నూనె తీయగా మిగిలిన చెక్క. చేపపిండి కొఱకు దక్షిణ అమెరికాలోని పెరూ తీరమున నెత్తళ్ల జాతి చేపలను లెక్కకు మిక్కిలిగా పట్టుదురు. మన దేశపు పడమటి తీరమునను కవళ్లు పిండిమరలకు పోవుచున్నవి. కవళ్లు, నెత్తళ్లు బీదవాని కూరయని మనకు తెలియును. బీదవాని కూరను పిండి చేసి ధనవంతుడు తిను రొయ్యకు మేపుట న్యాయమా యను ప్రశ్న యిక్కడ పుట్టుచున్నది. ఆంధ్రదేశమున భీమవరము, కొల్లేరు, నెల్లూరు ప్రాంతములలో రొయ్యలును చేపలును పెంచు రైతులకు ఖర్చులో సగమునకు మించి మేతకే పోవును. మేత ధర యొక రూపాయి పెరిగిన వారి సంసారములు కదలును. కావున పురుగుమేత నిజముగా పనికి వచ్చునా యన్నది వట్టి వినోదముకొఱకైన విచారము కాదు.

మేతకై పెంచు పురుగులలో ముఖ్యమైనది నల్ల సిపాయి ఈగ పిల్లపురుగు. ఇంగ్లీషున దీనిని బ్లాక్ సోల్జర్ ఫ్లై అందురు. శాస్త్రజ్ఞులు దీనికి హెర్మీషియా ఇల్యూసెన్స్ అని నామకరణము చేసిరి. దీని పుట్టినిల్లు అమెరికా ఖండములు. నేడు ఉష్ణదేశములన్నిట వ్యాపించి యున్నది. ఇది మన ఇంటి ఈగవంటిది కాదు. ఎదిగిన ఈగ మన అన్నముమీద వ్రాలదు, కుట్టదు. చిన్ననాట కూడబెట్టుకొన్న క్రొవ్వుతోనే ఒకటి రెండు వారములు జీవించి, గ్రుడ్లు పెట్టి మరణించును. ఒక్కొక్క ఆడ ఈగ సుమారు 500 గ్రుడ్లు పెట్టును. నాలుగు దినములలో గ్రుడ్లు పగులును. పిల్లపురుగు కాయగూరల తొక్కలు, పండ్ల చెత్త, తవుడు మొదలగువానిని మిక్కిలి ఆత్రముతో తిని వెచ్చని చోట రెండు మూడు వారములలో పూర్తిగా ఎదుగును. పిమ్మట తినుట మాని, నల్లబడి, పొడిచోటు వెదకికొనుచు తనంతట తాను చెత్తలోనుండి వెలుపలికి ప్రాకివచ్చును. మిగిలిన చెత్త ఎరువగును. చెత్త తఱుగుట, మేత చేకూరుట, ఎరువు మిగులుట అను మూడు లాభము లొక్క పురుగువలన కలుగుచున్నవి గనుకనే దీనికి ఇంత ఖ్యాతి వచ్చినది.

దీని మేతగుణమును శాస్త్రజ్ఞులు పరీక్షించుట 1970 దశకమున అమెరికాలో ప్రారంభమైనది. 1973లో ఎండబెట్టిన పురుగులను కోడిపిల్లలకు పెట్టి చూచిరి. 1977లో జార్జియా రాష్ట్రమున న్యూటన్ మొదలగువారు పందులకు పెట్టి చూచి, అవి యిష్టముగానే తిన్నవనియు, మొత్తముమీద జీర్ణమగుటలో మాత్రము సోయాచెక్కకంటె కొంత తక్కువయనియు ప్రకటించిరి. పిదప చాలకాల మీ విషయము మూలబడినది. 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కీటకాహారమునుగూర్చి యొక పెద్ద గ్రంథము వెలువరించుటతో మరల లోకదృష్టి దీనిపై బడినది. 2014లో హరీందర్ మక్కర్ మొదలగు శాస్త్రజ్ఞులు అంతవఱకు జరిగిన పరీక్షలన్నిటిని ప్రోగుచేసి సరాసరి లెక్కలు గట్టిరి. ఆ లెక్కలలో ముఖ్యమైనవానిని మనవి చేసెదను. ఇవన్నియు తడి పూర్తిగా తీసివేసిన పిమ్మట నూఱు పాళ్లలో ఎన్ని పాళ్లు అను లెక్కయని గుర్తుంచుకొనవలయును.

నల్ల సిపాయి ఈగ పురుగులో మాంసకృత్తులు సుమారు 42, క్రొవ్వు 26. ఇంటి ఈగ పురుగులో మాంసకృత్తులు 50, క్రొవ్వు 19. పిండిపురుగు, అనగా మీల్ వర్మ్ అను పెంకుపురుగు పిల్లలో, మాంసకృత్తులు 53, క్రొవ్వు 36. పట్టుపురుగులో మాంసకృత్తులు 60, క్రొవ్వు 26. నూనె తీసివేసినచో మాంసకృత్తులు 75 వఱకు పోవును. వీనితో పోల్చుటకు సోయాచెక్కలో మాంసకృత్తులు 52, చేపపిండిలో 70. ఈ అంకెలను జూచినవాడు, "పురుగు సోయాతో సమానము, చేపకు కొంచెము తక్కువ" అని తేల్చివేయును. అమ్మువారును సంచిమీద ఈ అంకెనే అచ్చువేయుదురు. ఇక్కడనే మన కొలపాత్రను పరీక్షింపవలసి యున్నది.

మాంసకృత్తులను కొలుచు పద్ధతి యేది? 1883లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో, కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలయందు యోహన్ కెల్డాల్ అను రసాయన శాస్త్రజ్ఞు డొక ఉపాయము కనిపెట్టెను. మాంసకృత్తులన్నిటియందు నత్రజని యున్నది. అది సుమారుగా నూటికి 16 పాళ్లు. కావున వస్తువును గాఢమైన గంధకామ్లములో ఉడికించి, అందలి నత్రజని నంతయు కొలిచి, దానిని 6.25 చేత హెచ్చించినచో మాంసకృత్తుల లెక్క వచ్చును. నూటిని 16 చేత భాగించిన 6.25 వచ్చుట మీ ఇంటి పిల్లలే చెప్పగలరు. ఈ పద్ధతి చౌక, సులువు. అందుచేత నేటికిని లోకమంతట వాడుకలో నున్నది. కాని యిందొక హేత్వాభాసము దాగియున్నది. మాంసకృత్తు లున్నచోట నత్రజని యుండుట నిజమే. నత్రజని యున్నచోట నెల్ల మాంసకృత్తు లుండునని దానివలన సిద్ధింపదు. పొగ యున్నచోట నిప్పుండును. నిప్పున్నచోట నెల్ల పొగ యుండదు గదా.

పురుగునకు ఎముకలు లేవు. దాని బలమంతయు పై తోలులో నున్నది. ఆ తోలున కాధారమైన పదార్థమును కైటిన్ అందురు. రొయ్యపెంకు, పీతపెంకు, పేడపురుగు రెక్క, అన్నిటను నున్నది ఇదియే. ఇది మాంసకృత్తు కాదు. చక్కెరల జాతికి చెందిన గొలుసు. అయినను ఇందు నత్రజని నూటికి సుమారు 7 పాళ్లున్నది. ఇప్పుడు లెక్క చూడుడు. ఒక కణమైనను మాంసకృత్తు లేని శుద్ధమైన కైటిన్‌ను కెల్డాల్ పద్ధతిని కొలిచి 6.25 చేత హెచ్చించినచో, అందు మాంసకృత్తులు నూటికి 43 పాళ్లున్నవని తేలును! లేనిదానిని ఉన్నదని చూపు కొలపాత్ర యిది.

2017లో నెదర్లాండ్సు దేశమున వాగెనింగెన్ విశ్వవిద్యాలయమునకు చెందిన యాన్సన్ మొదలగువారు ఈ దోషమును సరిదిద్దుటకు నల్ల సిపాయి ఈగ పురుగును, రెండు తెగల పిండిపురుగులను తీసికొని, అందలి అమైనో ఆమ్లములను విడివిడిగా లెక్కించి, పూర్తి పురుగు విషయమున 6.25కు బదులు 4.76 చేత హెచ్చించుట సరియని నిర్ణయించిరి. దీనినిబట్టి 42 అని అచ్చువేసిన సంచిలో నత్రజని 6.72 పాళ్లు, దానిని 4.76 చేత హెచ్చించిన 32 మాత్రమే. అనగా నూఱు కిలోల మేత కొన్నవాడు 42 కిలోల మాంసకృత్తులకు వెల యిచ్చి 32 కిలోలు ఇంటికి తెచ్చుకొనుచున్నాడు. అమ్మినవాడు అబద్ధమాడలేదు, కొలత అబద్ధమాడినది. సోయాచెక్క మొదలగువాని విషయమునను 6.25 కొంత హెచ్చేయని శాస్త్రజ్ఞు లొప్పుకొందురు. కాని అక్కడ దోషము చిన్నది, ఇక్కడ పెద్దది. ఈ తేడా తెలియకయే ధరలు పోల్చువాడు నష్టపడును.

ఇక రెండవ సంగతి. మాంసకృత్తులన్నియు నొక్కటి కావు. అక్షరములు కూడి పదమైనట్లు, సుమారు ఇరువది అమైనో ఆమ్లములు కూడి మాంసకృత్తు లగుచున్నవి. వానిలో కొన్నింటిని కోడి గాని చేప గాని తన శరీరములో కల్పించుకొనజాలదు, మేతలోనే రావలయును. లైసిన్, మెథియొనిన్ అనునవి వానిలో ముఖ్యములు. ఒక అక్షరము కొఱతపడినచో మిగిలిన అక్షరములెన్ని యున్నను పదము పూర్తి కానట్లు, ఒక్క ఆమ్లము తఱిగినచో మిగిలినవి వ్యర్థమగును. మక్కర్ మొదలగువారి లెక్కప్రకారము నూఱు పాళ్ల మాంసకృత్తులలో లైసిన్ నల్ల సిపాయి ఈగ పురుగున 6.6, సోయాలో 6.2, చేపపిండిలో 7.5. మెథియొనిన్ ఈగపురుగున 2.1, సోయాలో 1.3, చేపపిండిలో 2.7. అనగా ఈగపురుగు సోయాకు మీఱి, చేపకు దిగువగా నడుమ నిలిచినది. ఇది చిన్న గౌరవము కాదు. పట్టుపురుగున మాత్రము మెథియొనిన్ 3.5; ఈ యొక్క విషయమున అది చేపపిండినే మించినది.

మూడవది క్రొవ్వు. నల్ల సిపాయి ఈగ పురుగు క్రొవ్వు మన కొబ్బరినూనెకు చుట్టము. కొబ్బరినూనెలో నున్న లారిక్ ఆమ్లమే ఇందును అధికముగా నున్నది. కావుననే చలికి గడ్డకట్టును. పురుగు తినిన మేతలో ఈ ఆమ్లము లేకున్నను తాను తినిన పిండిపదార్థమునుండియే దానిని కల్పించుకొనును. దీనికి కొన్ని సూక్ష్మజీవులను అణచు గుణము కలదు; కావున కోళ్ల ప్రేవులకు మేలనువారు కలరు. కాని సముద్రపు చేపలకు కావలసిన క్రొవ్వు వేఱు. చేపనూనెలోని ఒమెగా-3 క్రొవ్వు సామాన్యముగా ఈ పురుగులో లేదు.

సామాన్యముగా అంటిని, ఏలయన నిచ్చట నొక చిత్రమున్నది. భ్రమరకీట న్యాయమును మీరు వినియుందురు. పురుగు తుమ్మెదనే తలచి తలచి తుమ్మెద యగునని వేదాంతులు చెప్పుదురు. మన పురుగు తలపువలన మాఱదు గాని, తిండివలన నిజముగా మాఱును. 2007లో అమెరికాలో సెయింట్ హిలేర్ మొదలగువారు కొన్ని పురుగులకు వట్టి పశువుల పేడను, కొన్నింటికి పేడతో చేపల వ్యర్థములను కలిపి పెట్టిరి. పేడ తిన్నవానిలో క్రొవ్వు నూటికి సుమారు 21 పాళ్లు, ఒమెగా-3 లేనట్లే. చేప వ్యర్థము తిన్నవానిలో క్రొవ్వు సుమారు 30 పాళ్లు, అందు నూటికి 3 పాళ్లవఱకు ఒమెగా-3. ఒక్క రాత్రిపగలు మేపినంతనే ఈ మార్పు కనబడినది.

దీనివలన తేలిన దేమి? అన్న ముడికినదో లేదో చూచుటకు కుండలో నొక్క మెతుకు పట్టిన చాలునని స్థాలీపులాక న్యాయము చెప్పుచున్నది. ఆ న్యాయము ఒకే కుండలోని మెతుకులకు చెల్లును, పదికుండలకు చెల్లదు. ఈగపురుగు క్రొవ్వు మేతనుబట్టి నూటికి 15 పాళ్లనుండి 40 పాళ్లవఱకు మాఱుచున్నది. కావున "పురుగులో ఇంత క్రొవ్వు" అని యొక్క అంకె చెప్పువాని మాట నమ్మరాదు. ఏ మేత తిన్న పురుగులో అని యడుగవలయును.

నాలుగవది ఖనిజములు. నల్ల సిపాయి ఈగ పురుగు తన తోలులో సున్నమును పేర్చుకొనును. తడి తీసిన పురుగులో కాల్షియము నూటికి 5 మొదలు 8 పాళ్లవఱకు ఉండుట కలదు. పిండిపురుగున నిది అరపాలు కూడ లేదు. సున్నము సమృద్ధిగా నున్నదని సంతసించుటకు ముందు, తినువా రెవరో చూడవలయును. గ్రుడ్లు పెట్టు కోడికి పెంకు కొఱకు మేతలో కాల్షియము సుమారు 4 పాళ్లు కావలెను; దానికి ఈ పురుగు మంచిదే. చిన్నపిల్లకు ఒక్క పాలు చాలును. మేతలో అయిదవవంతు ఈ పురుగును కలిపి, అందు కాల్షియము 6 పాళ్లున్నదనుకొన్నచో, పురుగునుండియే 1.2 పాళ్లు వచ్చును. తక్కిన మేతలోని సున్నము దానికి అదనము. అతి యైనచో మేలును కీడగునను మాట ఇక్కడ అక్షరాల నిజము. కావున తల్లికోడికి పెట్టిన పాళ్లు పిల్లకు పెట్టరాదు.

అయిదవది జీర్ణశక్తి. మేతలో నున్నది వేఱు, ఒంటికి పట్టునది వేఱు. కోడి అనాదిగా పురుగులు తినుచున్న జీవి. కైటిన్‌ను కొంతవఱకు కరగించు పాచకద్రవ్యము దాని కడుపులో నున్నదని 2017లో జపాను శాస్త్రజ్ఞులు చూపిరి. చేపలందఱికి నీ భాగ్యము లేదు. 2012లో జర్మనీ దేశమున టర్బాట్ అను సముద్రపు చదునుచేప పిల్లలకు చేపపిండికి బదులు ఈగపురుగు పిండిని క్రమముగా హెచ్చించుచు పెట్టి చూచిరి. పురుగు పాలు పెరిగినకొలది చేప తినుట తగ్గినది, ఎదుగుటయు తగ్గినది. కైటిన్‌ను కరగించు శక్తి దాని కడుపున కనబడలేదు. కావున పురుగుమేత చేపపిండికి పూర్తిగా బదులని చెప్పుట సాహసము; దానిలో కొంతపాలు తగ్గించుటకు సాధనమని చెప్పుట సత్యము.

ఇక పురుగును తీయు వేళ. పైరు కోతకు అదను ఉన్నట్లే దీనికిని కలదు. పురుగు నల్లబడిన పిమ్మట తోలు గట్టిపడి కైటిన్ పెరుగును. తెల్లగా నున్నప్పుడే తీసినచో మృదువుగా నుండి బాగుగ జీర్ణమగును. తీసిన పురుగులో మూడింట రెండువంతులు నీరే. గనుక వెంటనే ఎండబెట్టకున్నచో కుళ్లును. ఎండబెట్టుటకు ముందు మఱుగునీట కొద్దిసేపు ముంచుట మంచి పద్ధతి. దానివలన సూక్ష్మజీవులు చాలవఱకు నశించును. పిండి నల్లబడుటయు ఆగును. కాని ఎండబెట్టునప్పుడు మితిమీఱిన వేడి పెట్టి మాడ్చినచో లైసిన్ చెడును. అంకెలు అట్లే యుండును, గుణము పోవును.

అపాయములను గూర్చియు చెప్పవలయును. ఈగపురుగు కాడ్మియము అను విషలోహమును తన శరీరములో కూడబెట్టుకొనును. కార్ఖానా మురుగు కలిసిన చెత్త తిన్న పురుగును కోడికి, కోడి గ్రుడ్డును పిల్లవానికి పెట్టినచో విషమెవరికి చేరునో ఆలోచింపుడు. బూజుపట్టిన వేరుసెనగలోని అఫ్లటాక్సిన్ విషయమున మాత్రము ఈ పురుగు దానిని ఒంటిలో నిలువచేసికొనదని పరీక్షలలో తేలినది. ఇది కొంత ఊరట. ఐరోపావారు 1980, 1990 దశకములలో పశువులకు పశువుల మాంసపుపిండినే మేపి, పిచ్చిఆవు వ్యాధిచేత మిక్కిలి నష్టపడి, 2001లో అట్టి మేతలను నిషేధించిరి. పిదప చాల విచారించి 2017 జూలైలో ఏడు తెగల కీటకముల పిండిని చేపల మేతకు, 2021 సెప్టెంబరులో కోళ్లకు, పందులకు అనుమతించిరి. ఆ యేడే నవంబరులో పట్టుపురుగును ఎనిమిదవదిగా చేర్చిరి. అయినను ఆ పురుగులను పేడమీదను, హోటళ్ల ఎంగిలిమీదను పెంచరాదని కట్టుబాటు చేసిరి. కాలు కాలినవాని జాగ్రత్త యది, మనకును అనుసరణీయము.

మన దేశమున కీ విషయమున నొక సొంత సంపద కలదు. రాయలసీమలో హిందూపురము పట్టుకాయల సంతకు పేరుపడినది. మదనపల్లె, పలమనేరు, కుప్పము ప్రాంతములలో మల్బరీ సాగు విస్తారము. పచ్చి పట్టుకాయ తూకములో ముప్పాతికకు పైగా లోని పురుగుదే. దార మందు కొద్దిపాలు మాత్రమే. ఒక కిలో పట్టు తీయుటకు సుమారు 7, 8 కిలోల కాయలు కావలెను. అనగా పట్టు తీయుచోట నెల్ల పట్టుకు అనేకరెట్లు తడిపురుగు మిగులును. మెథియొనిన్ విషయమున చేపపిండిని మించిన పదార్థమిది. అయిన నీ సంపద కొక శత్రువు కలదు: దుర్వాసన. ఉడికిన పురుగులో నూనె మెండు. ఆ నూనె గాలి తగిలినంతనే ముక్కిపోవును. ముక్కిన పిండి మేపినచో జంతువు తినదు, తిన్నను మాంసమునకు వాసన పట్టును. దినము గడువక మునుపే ఎండబెట్టి నూనె తీసివేసినచో దోషము తొలగును. పరిశ్రమకు కావలసినది పెద్ద విద్య కాదు, తొందరగా పని చేయు శ్రద్ధ.

జీవహింసను గూర్చి ప్రశ్నించు శ్రోతలును ఉందురు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. లక్షల పురుగులను పెంచి చంపుట ధర్మమా యన్నచో, చేపపిండి సంచిలోను ప్రాణములే యున్నవని జ్ఞాపకము చేసికొనవలయును. మాంసాహారము మానినవానికి ఈ చర్చతో పని లేదు. మాంసమునకై జంతువులను పెంచు లోకమున మాత్రము, సముద్రమును ఖాళీచేయు మేత మేలా, చెత్తను తిని పెరిగిన మేత మేలా అన్నదే తేల్చుకొనవలసిన సంగతి. వేగముగా, వేదన తక్కువగా చంపుట పెంచువాని కనీస ధర్మము.

ఇప్పుడు మొదట వేసికొన్న ప్రశ్నలకు సమాధానము. పురుగుమేత మంచిదా? మంచిదే, పెరటికోడి చాలకాలముగా మనకు చెప్పుచున్నదియు నిదియే. ఎంతవఱకు మంచిది? సోయాకు తోడుగా, చేపపిండికి కొంతపాలు బదులుగా, జంతువును దాని వయస్సును బట్టి మంచిది. సర్వరోగనివారిణి మాత్రము కాదు. అంకెను నమ్మవచ్చునా? ఒంటరి అంకెను నమ్మరాదు. కొనువాడు అమ్మువానిని అయిదు ప్రశ్నలు అడుగవలయును. ఈ పురుగు ఏమి తిని పెరిగినది? తెల్లగా నున్నప్పుడు తీసినదా, నల్లబడిన పిదపనా? క్రొవ్వు తీసినదా, లేదా? ఎట్లు ఎండబెట్టినది? మాంసకృత్తుల లెక్క 6.25తో కట్టినదా, 4.76తోనా, లైసిన్, మెథియొనిన్ లెక్కలు వేఱుగా కలవా? ఈ అయిదింటికి సమాధానము చెప్పగల వర్తకుని సరుకు కొనుడు. చెప్పజాలనివాని సరుకు ఎంత చౌకయైనను, చౌక యెంతో తూచుటకు మీకు కొలపాత్ర లేదని తెలిసికొనుడు.

పాఠశాలలో బాలుడు "లెక్క కుదిరినది" అన్నప్పుడు, "ఏ సూత్రముచేత కుదిరినది?" అని యడుగుట ఉపాధ్యాయుని అలవాటు. రైతు సోదరులును సంచిమీది అంకెను చూచినప్పుడు ఆ ప్రశ్నయే వేయుదురు గాక. స్వస్తి.